నీచు ముట్టని రోజులు

జూలై 8, మంగళవారం

రేఖ సిస్టరు ఈ డైరీ ఇచ్చింది. పోయినేటిది. మందుల కంపెనీ వాళ్ళు ఇచ్చారట, లోపల ఒక్క ముక్క కూడా రాయలేదు. ఊరికే గోడ చూస్తూ కూచుంటే పిచ్చెక్కుతుంది, రామకోటి రాసుకో అమ్మా అంది. రామకోటి రాద్దామనే మొదలుపెట్టాను. రాముడి పేరు రాయబోతే నా కొడుకు వెంకీ పేరు వచ్చింది.

ఐదో తరగతితో చదువు ఆపేశాను. ఒత్తులు ఎక్కడ పెట్టాలో సగం మర్చిపోయాను. అయినా ఇదే నయం. నోటితో అంటే శ్రావణికి వినిపిస్తుంది. రాస్తే వినిపించదు. మధ్యాహ్నం ఇంజక్షను ఇచ్చాక పిల్ల నిద్రపోతుంది, అప్పుడు వరండాలో కూచుని రాసుకుంటాను.

శనివారం పొద్దున వెంకీ ఆటోలో చెల్లెలు శ్రావణిని విజయనగరం తీసుకొచ్చాడు. రోజూ తెచ్చేదే. బట్టల షాపు దగ్గర దింపి తన బేరం చూసుకుంటాడు. వెనక సీటు నిండా జనం ఉంటే అది అన్న పక్కన ముందు సీట్లో సర్దుకుని కూచుంటుంది. అలాగే కూచుంది. హైవే ఎక్కే చోట లారీ తగిలింది.

వెంకీ లేడు. ఒక్కసారి రాసేస్తే గుండెలోంచి పోతుందనుకున్నాను. పోలేదు. ఇంకోసారి రాయను.

శ్రావణి మోకాలు ముందున్న ఇనప రాడ్డుకి కొట్టుకుంది. ఆ దెబ్బ మోకాలికి కాదు, పైకి పోయి తుంటికి తగిలిందట. పిల్లకి తెలివి వచ్చేసరికి ఆసుపత్రిలో ఉంది. మొదటి మాట అన్న ఏడీ అనే. మా అన్న కూర్మయ్య పక్కనే ఉన్నాడు. నేను నోరు తెరిచేలోపు, చెయ్యి విరిగింది, విశాఖ తీసుకెళ్ళారు అనేశాడు. బయటికి వచ్చాక నాకు గట్టిగా చెప్పాడు, ఆపరేషనయ్యేదాకా ఈ మాట పిల్ల చెవిన పడకూడదు, పడిందంటే అది లోపలికే వెళ్ళదు అని.

ఆదివారం వాణ్ని సాగనంపారు. నేను వెళ్ళలేదు. బయల్దేరేసరికి పిల్ల అమ్మా అని పిలిచింది. నిన్న మూడో రోజు, చిన్నదినం. దానికీ వెళ్ళలేదు.

జూలై 9, బుధవారం

ధనరాజ్ డాక్టరు ఈ రోజు నిలబడి అంతా చెప్పాడు. ఆయనది నరసన్నపేట దగ్గర. మన మాటే మాట్లాడతాడు కాబట్టి కొంత అర్థమైంది. ఒక చేతిని దోసిలిలా పెట్టాడు, ఇంకో చేతిని పిడికిలి చేసి అందులో పెట్టాడు.

"ఇది తుంటి గిన్నె. ఇది తొడ ఎముక మీదుండే బంతి. గిన్నెకి వెనకాల గోడ ఉంటాదమ్మా. మోకాలికి దెబ్బ తగిలితే బంతి ఆ గోడని బద్దలు కొట్టుకుని వెనక్కి పోయినాది. బంతిని ఆ రోజే లోపలికి తెచ్చీసినాం. కానీ గోడ లేదు కదా, మళ్ళీ జారిపోతాది. ముక్కలన్నీ పేర్చి, ప్లేటు వేసి, స్క్రూలు బిగించాలి."

ఎప్పుడు చేస్తారని అడిగాను. గిన్నె పని అందరూ చెయ్యలేరట. చేసే పెద్ద డాక్టరు విశాఖ నుంచి మంగళవారాలు వస్తాడు. మరీ ఆలస్యమైతే ముక్కలు ఎక్కడివక్కడ అడ్డదిడ్డంగా అతుక్కుపోతాయి, తర్వాత ఎవరూ కదపలేరు, జన్మంతా కుంటితనం, నొప్పి అన్నాడు.

మా ఇంట్లో పగిలిన గిన్నెని ఎప్పుడూ అతికించలేదు. పెరటి అవతల పారేశాం.

ఇంకో భయం కూడా చెప్పాడు. తుంటి వెనకాలే కాలి నరం పోతుందట. బంతి జారినప్పుడు అది నలిగింది. అందుకే పిల్ల పాదాన్ని పైకి ఎత్తలేకపోతోంది. వేళ్ళు కొంచెం కదుపుతోంది, పాదం మాత్రం ఒడ్డున పడేసిన చేపలా వాలిపోయి ఉంటుంది. ఆపరేషన్‌లో నరాన్ని జాగ్రత్తగా పక్కకి తప్పించి పని చేస్తారట. తిరిగి వస్తుందా అంటే చెప్పలేం అన్నాడు. నా చెయ్యి తీసి పిల్ల పాదం మీద పెట్టాడు. రోజూ ఇలా పెట్టు, ఎత్తమను, చేతిని తోస్తుందేమో చూడు అన్నాడు.

పెట్టాను. ఎత్తు అన్నాను. పిల్ల పళ్ళు బిగించింది. నుదుటి మీద చెమట పట్టింది. చేతికి ఏమీ తెలియలేదు.

మోకాలి కింద ఎముకలోంచి కమ్మీ దూర్చి బరువులు వేలాడదీశారు. మొప్పల్లోంచి తాడు దూర్చి చేపని మోసుకుపోతాం చూడు, అలా. నేను ఆ వైపు కూచోను.

జూలై 10, గురువారం

మా ఆడపడుచు ఈశ్వరి ఇంటి నుంచి అన్నం తెచ్చింది. పప్పూ, వంకాయ కూరా. శ్రావణి మూత తీసి చూసి మూత పెట్టేసింది.

"రోజూ పప్పేనేటి? నెత్తళ్ళు పడతన్నాయన్నారు గదా. పులుసెట్టి తేలేదేటత్తా?"

ఈశ్వరి నా మొహం చూసింది. పదకొండో రోజు పెద్దదినం అయ్యేదాకా మా ఇంట్లో నీచు ముట్టకూడదు. వండకూడదు, అమ్మకూడదు, ఆయన సముద్రంలోకి పోకూడదు. ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి. దీనికి తెలియదా. ఒడ్డు మీద పుట్టిన పిల్ల.

డాక్టరు వద్దన్నాడు, ఆపరేషనయ్యేదాకా నీచు పెట్టొద్దన్నాడు అని చెప్పాను. నోటికి ఎలా వచ్చిందో తెలియదు.

అది మళ్ళీ మూత తీసింది. పప్పు కలుపుకుంది.

అన్నకి ఫోన్ చెయ్యమంది. వాడి ఫోను పగిలిపోయింది అన్నాను. అది మాత్రం నిజమే.

జూలై 11, శుక్రవారం

రేఖ సిస్టరు మంచిదే. మంచితనంతోనే కొంప ముంచింది.

పొద్దున రక్తం పరీక్ష కాయితం పట్టుకుని వచ్చి, పిల్లకి రక్తం తక్కువుంది, ఆపరేషన్‌లో చాలా పోతుంది, గుడ్లు పెట్టండి, చేపలు పెట్టండి అంది. అంతటితో ఆగితే బాగుండేది. ఏ ఊరని అడిగింది. భోగాపురం అవతల సముద్రం ఒడ్డు అన్నాను.

"చేపలోళ్ళై ఉండి పిల్లకి పప్పు మోస్తన్నారేటమ్మా? అమ్మేసుకున్నారేటి అన్నీ?"

వార్డులో అందరూ నవ్వారు. పక్క మంచం ముసలమ్మ తులసి కాలు విరిగి పడుకుని కూడా ఊగిపోతూ నవ్వింది. శ్రావణి నవ్వలేదు. నన్నే చూసింది. వేరే డాక్టరు చెప్పాడు, ఈవిడికి తెలీదు అన్నాను. రేఖ వినేసింది. ఏ డాక్టరమ్మా అంది. నేను నీళ్ళు పట్టుకొస్తానని బాటిలు తీసుకుని బయటికి వచ్చేశాను. బాటిలు నిండుగానే ఉంది.

ఇంట్లో వండడానికి లేదు. ఆసుపత్రి ఎదురు హోటల్లో చేపల పులుసు ఉంటే కట్టించుకుని వచ్చాను. పిల్ల ఒక ముక్క తీసి చూసింది.

"ఇది సెరువు సేప."

"దొరికింది తెచ్చినాను. తినెహె."

"నువ్వు తిను. నువ్వు తింటేనే నాను తింటాను."

నాకు ఆకలి లేదన్నాను. పొద్దున తిన్నానన్నాను. అది కంచం పక్కన పెట్టేసి కళ్ళు మూసుకుంది. కళ్ళు మూసుకున్నట్టు నటిస్తూ సందులోంచి నన్ను చూస్తోంది, చిన్నప్పుడు కూడా అంతే. రక్తం తక్కువుంది అన్న మాటే నా చెవిలో మోగుతోంది.

ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. మింగాను.

కుళాయి దగ్గరికి వెళ్ళి నోరు పుక్కిలించాను. కక్కేద్దామని వేలు పెట్టుకోబోయాను. కడుపులో తిప్పుతుందనుకున్నాను, తిప్పలేదు. అందుకే నాకు భయం వేసింది. రుచిగా ఉంది. ఆకలి మీద ఉన్నాను కదా, రుచిగా ఉంది.

వాడికి తెలిసే ఉంటుంది. ఇంకా ఇంటి చుట్టూనే తిరుగుతూ ఉంటాడు కదా, పెద్దదినం దాకా. మా అమ్మ నేను పోయాక నీచు తింది అనుకుంటాడా. అనుకోడు. వాడు అలాంటివాడు కాడు. చెల్లి కోసం తిన్నానని తెలుస్తుంది. తెలియకపోతే.

జూలై 12, శనివారం

పాదం కదిలింది!

డాక్టరు చూశాడు. నరంలో కొంచెం జీవం కనిపిస్తోంది, కొంచెమే, ఇప్పుడే ఏమీ అనుకోవద్దు అన్నాడు. ఆయన అన్నది సగమే విన్నాను.

నిన్నటి నుంచి పిల్ల కడుపు నిండా తింటోంది. తులసితో పరాచికాలాడుతోంది. ముసలమ్మ డాక్టరు వచ్చే టైముకి జుట్టు సవరించుకుంటుందని ఏడిపించింది. మీ అల్లుడు వస్తన్నాడు తలెత్తు అంటే ముసలమ్మ, ఒసే గుంటా, నీ రెండో కాలు నాను ఇరగ్గొడతానని చేతికర్ర చూపించింది. వార్డంతా నవ్వులు. నేనూ నవ్వాను. వారం దినాలు నవ్వలేదని నవ్వాకే తెలిసింది.

నేను నీచు ముట్టినందుకే పాదం కదిలిందేమో. లేకపోతే ముట్టినందుకు శిక్ష ఇంకా రాలేదేమో.

వెంకీ చెయ్యి కూడా నయమవుతోంది. వచ్చే వారం కట్టు విప్పుతారు.

పైన రాసింది ఇప్పుడే చదువుకున్నాను. ఎవరికి చెప్పాను ఆ అబద్ధం? కొట్టేద్దామని గీత మొదలుపెట్టి ఆపేశాను. ఉండనీ. ఈ కాయితంలోనైనా వాడికి చెయ్యి ఒక్కటే విరగనీ.

జూలై 13, ఆదివారం

ఆపరేషను మంగళవారం అన్నారు. వాడి పెద్దదినం కూడా మంగళవారమే.

ఈ మంగళవారం తప్పితే మళ్ళీ వచ్చే మంగళవారం. అంతవరకు ఆపితే పని కష్టమవుతుందని ధనరాజ్ డాక్టరు చెప్పాడు. మా అన్న మైల రోజున కత్తి పెట్టించొద్దన్నాడు. ఇంట్లో ఒకరికి పిండం పెడుతుంటే ఇంకొకరి మీద కత్తి పెడతారా అన్నాడు. చీపురుపల్లి వైపు కట్టు కట్టే ఆయన ఉన్నాడు, ఎంతమందికి కాళ్ళు నిలబెట్టాడు, అక్కడికి తీసుకుపోదాం అన్నాడు. ఆ మాట డాక్టరుకి చెప్పాను. చెయ్యి విరిగితే, కాలు విరిగితే పై నుంచి పట్టుకుని కట్టు కట్టగలరు, ఇది లోపల గిన్నెలో గోడమ్మా, పై నుంచి ఎవరి వేలికీ అందదు అన్నాడు.

మా ఆయన గోడకి ఆనుకుని అన్నీ విన్నాడు. ఆయన పేరు అప్పలసూరి అంటే ఒడ్డంతా హడల్, అంత గొంతు. ఈ వారం ఆ గొంతు ఎవరూ వినలేదు. చివరికి మా అన్నతో ఒక్క మాట అన్నాడు.

"బావా, పోయినోడి కోసం ఉన్నదాన్ని ఆపుతామేటి?"

అన్న మొహం తిప్పుకున్నాడు. అలా అయితే ఆ రోజు తల్లి ఎక్కడుంటుంది అని అడిగాడు. అన్నీ తల్లి చేతి మీదే జరగాలి. మాలో తల్లి నీచు ముట్టి ముద్ద నోట్లో పెట్టుకుంటేనే మిగతా బంధువులు విస్తరి ముందు చెయ్యి కడుగుతారు. తల్లి లేకుండా పెద్దదినం ఎలా.

నేను పిల్ల దగ్గరే ఉంటానన్నాను. ముందు రెండిటికీ పోలేదు, ఇదీ పోను. చెప్పేశాను.

జూలై 14, సోమవారం

రక్తం ఎక్కించారు. ఆయనతో వేటకి పోయే కలాసీలు ఇద్దరు వచ్చి ఇచ్చి వెళ్ళారు. పిల్లకి కనపడకుండా వెళ్ళిపోండి అని చెప్పాం. వాళ్ళు ఏడుపు మొహాలు దాచుకోలేరు.

పెద్ద డాక్టరు చేసేదంతా ధనరాజ్ డాక్టరు మాకు చెప్పాడు. రక్తం చాలా పోవచ్చు. నరానికి దెబ్బ తగలొచ్చు. చీము పట్టొచ్చు. కాలిలో రక్తం గడ్డ కట్టి ఊపిరికి అడ్డం పడొచ్చు. ఎక్కువగా జరగవు, చెప్పాలి కాబట్టి చెప్తున్నాను అన్నాడు. చెప్పకపోయినా బాగుండేది. మత్తులోంచి లేవకపోవడం ఉంటుందా అని అడుగుదామనుకున్నాను. నోరు రాలేదు. అడిగితే అవుననేస్తాడేమోనని.

మధ్యాహ్నం పిల్ల తల దువ్వాను. రేపు టోపీ పెడతారట, జుట్టు రెండు జడలుగా గట్టిగా అల్లమన్నారు. అల్లుతుంటే నా చెయ్యి పట్టుకుని మొహానికి ఆనించుకుంది. చాలాసేపు వదల్లేదు. నొప్పిగా ఉందా అంటే లేదంది. భయంగా ఉందా అంటే లేదంది. సాయంత్రం అన్నం వద్దంది. తులసి ఎంత కెలికినా పలకలేదు.

పాదం మీద చెయ్యి పెట్టి ఎత్తమన్నాను. ఎత్తలేదు. ఎత్తలేకపోయిందో, ఎత్తలేదో.

జూలై 15, మంగళవారం

బస్సులో రాస్తున్నాను. అక్షరాలు ఎగురుతున్నాయి. నేను వెళ్తున్నాను. అది పంపించేసింది. దానికి తెలుసు.

జూలై 16, బుధవారం

నిన్న జరిగింది వరసగా రాస్తాను. రాయకపోతే నిజంగా జరిగిందో లేదో నాకే అనుమానం వస్తుంది.

పొద్దున పచ్చ గౌను తొడిగి, బండి మీదికి మార్చడానికి మనుషులు వచ్చారు. ఈశ్వరి కూడా వచ్చి ఉంది. పిల్ల ఒక్క నిమిషం ఆగండి అంది. నన్ను వంగమంది.

"అమ్మా. ఈయాల అన్న పెద్దదినం గదేటి?"

నేను ఏమన్నానో గుర్తు లేదు. ఏ అన్న అన్నానట, ఈశ్వరి చెప్పింది.

"నువ్వు సబ్బు వాసన వస్తన్నావు. పుట్టినకాడ్నించి నీ సెయ్యి సేపల వాసనే. ఎన్ని సబ్బులు రుద్దినా పోదు. షాపులో నా పక్కన కూసునేవోళ్ళు నా బాక్సు వాసనొస్తందని ముక్కు మూసుకునేవోళ్ళు. ఇప్పుడు నీ కాడ ఏటీ లేదు. అయ్య వస్తే ఉప్పు వాసన లేదు. సముద్రానికి ఎల్తన్నాడని సెప్పినావు."

ఈశ్వరి ఏడుపు మొదలుపెట్టింది. అది ఆపలేదు.

"అనుమానమొచ్చే సేప తెమ్మన్నాను. నువ్వు తింటే అన్న ఉన్నట్టే అనుకున్నాను. తినీసినావు. ఆ రెండ్రోజులు నమ్మీసినాను. నిన్న జడేసినప్పుడు సెయ్యి వాసన సూసినాను."

అందుకే నవ్వింది ఆ శనివారం. అందుకే కడుపు నిండా తింది. నేను మింగిన ముక్క దానికి రెండు రోజులు అన్నని తెచ్చి ఇచ్చింది.

నేను బండి పట్టుకుని కూలబడ్డాను. నువ్వు లోపలికి వెళ్ళు తల్లీ, ఇంకేం ఆలోచించకు, నేను తలుపు దగ్గరే ఉంటానని చెప్పాను. అది తల అడ్డంగా ఊపింది.

"ఒద్దు. ఊరికెల్లు. నాను మత్తులో ఉంటాను. నువ్వు బయటున్నా నాకు తెల్దు. అన్నకి తెలస్తాది."

నేను కదల్లేదు. అప్పుడు బండి తోసే మనిషితో, మా అమ్మ గేటు దాటేదాకా నన్ను తోయకండి అంది. ఆయన తలుపు దగ్గర నన్ను చూస్తూ నిలబడ్డాడు. లోపల నుంచి ఎవరో తొందర చేస్తున్నారు. రేఖ సిస్టరు నా భుజం పట్టుకుని మెట్ల దాకా నడిపించింది. ఈశ్వరి చేతికి నా ఫోన్ నంబరు రాసి ఇచ్చాను, దానికి ఎప్పటి నుంచో తెలిసిన నంబరే.

బస్సు భోగాపురం చేరేదాకా, అక్కడి నుంచి ఆటోలో ఊరు చేరేదాకా, ఫోను గుప్పిట్లోనే ఉంది. ఆటో ముందు సీట్లో ఎవరో పిల్ల కూచుని ఉంది. వెనక్కి రా తల్లీ, నా సీటు తీసుకో అన్నాను. ఎందుకేటి పెద్దమ్మా అంది. కాళ్ళు పట్టుకుంటానన్నాను. భయపడి వచ్చేసింది.

ఇంటి ముందు పందిరి. నన్ను చూసి మా అన్న లేచి నిలబడ్డాడు. ఏమైందని అడగలేదు, అడిగే ధైర్యం లేదు. మా ఆయన నన్ను చూసి నీళ్ళ చెంబు పట్టుకొచ్చాడు. పిల్లే పంపింది, తెలిసిపోయింది అన్నాను. చెంబు కింద పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

వాడి ఫోటో పెద్దది చేయించారు. ఆటో కొన్న రోజు తీయించుకున్నది, పక్కన ఆటోకి వేసిన దండ కూడా కనిపిస్తుంది. కానాగంత చేపల పులుసు, నెత్తళ్ళ వేపుడు, వాడికి ఇష్టమైనవన్నీ ఫోటో ముందు పెట్టారు. వాడితో మాట్లాడదామని వచ్చాను. చెల్లి లోపల ఉందిరా, నువ్వు ఇక్కడుండకు, అక్కడికి పో అన్నాను. అంతే అన్నాను.

విస్తళ్ళు వేశారు. బంధువులంతా కూచున్నారు. నా విస్తట్లో చేప వేశారు. నేను ముద్ద కలిపాను. ఎత్తలేకపోయాను.

ముట్టమ్మా అని ఒక ముసలాయన అన్నాడు. అందరి చేతులూ ఒళ్ళో ఉన్నాయి. పిల్లలు పులుసు వాసనకి గింజుకుంటున్నారు. ఫోను మోగలేదు. మా అన్న నా వెనక వంగి, ఎంతసేపే, జనం ఆకలితో ఉన్నారు, ముట్టీసి లే అన్నాడు. ఈ ముద్ద నేను ఒకసారి దొంగతనంగా మింగాను, అందరి ముందూ మళ్ళీ మింగితే అక్కడ ఏమవుతుందో అనిపించింది. వాడి ముద్ద మింగిన వేళకే దాని ఊపిరి ఆగితే. మొదటిసారి పాదం కదిలింది, రెండోసారి ఏమడుగుతుందో.

మా ఆయన వచ్చి నా పక్కన కూచున్నాడు. తన విస్తరి ముందుకి తోసేశాడు.

"పిల్ల బయటికొచ్చినాక తిందాం. ఆకలేసినోడు ఇంటికెల్లి తినండి."

వారం తర్వాత ఆ గొంతు అప్పుడు విన్నారు. ఎవరూ లేవలేదు. ఎవరూ తినలేదు. ఈగలు వాలుతుంటే ఆడవాళ్ళు కొంగులతో తోలారు. పులుసు చల్లారి పైన నూనె తేలింది. అలా అందరూ చేతులు కట్టుకుని నాతో పాటు కూచున్నారు. మా అన్న కూడా కూచున్నాడు.

ఫోన్ మోగింది. చెయ్యి పులుసుతో ఉంది, నొక్కడం రాలేదు. మా ఆయన నొక్కాడు.

"బయటికి తెచ్చినారు వదినా. కళ్ళు తెరిసినాది. నిన్నే అడిగినాది, ఎల్లిందా అని."

పాదం ఎత్తిందా అని అడిగాను. దుప్పటి కప్పేశారు, కనపడలేదు అంది.

ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు ఎక్కువైందో, కళ్ళనీళ్ళు పడ్డాయో. మిగతావాళ్ళు కలుపుకోవడం మొదలుపెట్టారు.

జూలై 17, గురువారం

గోడ ముక్కలన్నీ పేర్చామని పెద్ద డాక్టరు ఫోటో చూపించాడు. తెల్లటి ప్లేటు, వంకీలా ఉంది, మేకుల్లాంటి స్క్రూలు. బంతి గిన్నెలో సరిగ్గా కూచుంది. కాలు మీద బరువు మోపకూడదు, మూడు నెలలు. బాసిపట్టు వెయ్యకూడదు, గొంతుకూచోకూడదు. నరం తెగలేదు, నలిగి ఉంది, నెలలు పట్టొచ్చు అన్నాడు.

పాదం మీద చెయ్యి పెట్టాను. ఏమీ లేదు.

జూలై 18, శుక్రవారం

ఏమీ లేదు.

జూలై 20, ఆదివారం

జ్వరం వచ్చింది. చీము పట్టిందేమోనని పొద్దున్నించి సూదులు. వాడి ముద్ద ముట్టినందుకే. ముట్టకపోయినా ఇంతే అయ్యేదేమో. ఎటు తిరిగినా తప్పు నాదే అవుతోంది.

జూలై 21, సోమవారం

జ్వరం తగ్గింది. చీము కాదట. నిన్న రాసింది చింపేద్దామనుకున్నాను.

పిల్ల ఈ రోజు అన్న కోసం ఏడ్చింది. అంతవరకు ఏడవలేదు. ఏడిస్తే తుంటి కదులుతుంది, నొప్పి. అరిచింది, నోరు మూసుకుంది, మళ్ళీ అరిచింది. తులసి తన మంచం మీంచి చెయ్యి చాపి దాని చెయ్యి పట్టుకుంది. నేను రెండో చెయ్యి. చివరికి నాతో అంది.

"రేపట్నించి సేపలకెల్లమ్మా. నువ్వు సబ్బు వాసనొస్తంటే నాకు బయ్యేస్తంది. ఇంకెవరో పోయినారనిపిస్తది."

జూలై 24, గురువారం

ఈశ్వరిని పిల్ల దగ్గర పెట్టి చేపల గంప ఎత్తాను. మా ఆయన కూడా సముద్రంలోకి పోయాడు. ఆయన తెప్ప కనపడకుండా పోయేదాకా ఒడ్డున నిలబడ్డాను. ఎప్పుడూ అలా నిలబడలేదు. ముప్పై ఏళ్ళుగా పోతున్న మనిషి. ఇప్పుడు ఎవరు నా కంటికి కనపడకుండా పోయినా వెనకాలే పోవాలనిపిస్తోంది.

వెంకీ చెయ్యి కట్టు విప్పేశారు.

జూలై 30, బుధవారం

కుట్లు తీశారు. రేపు ఇంటికి పంపిస్తారట.

కవళ్ళ చేపలు అమ్మేసి బస్సు దిగి నేరుగా వార్డుకి వచ్చాను. చెయ్యి కడుక్కోలేదు. రేఖ సిస్టరు ముక్కు చిట్లించి, అమ్మా ఇది ఆసుపత్రి, ముందు సబ్బుతో కడుక్కో అంది. తులసి, ఓలమ్మా పులుసు వచ్చేసింది కంచాలెట్టండి అని కేక పెట్టింది. వెళ్ళి కడుక్కుని వచ్చాను, రెండుసార్లు రుద్దాను. వాసన పోలేదు. శ్రావణి నా చెయ్యి లాక్కుని మొహం అంతా రాసుకుంది. కళ్ళు మూసుకుని పీల్చింది.

తర్వాత, పెట్టమ్మా అంది.

పాదం మీద చెయ్యి పెట్టాను. ఎత్తు అన్నాను. పళ్ళు బిగించింది. దుప్పటి గుప్పిట్లో పట్టుకుంది. తులసి కూడా ఊపిరి బిగబట్టింది.

నా చెయ్యి పైకి లేచింది. కొంచెం, గోరంత. అది ఎత్తిందో, నేనే ఎత్తుకున్నానో తెలియలేదు.

"సూసినావా" అంది.

"సూసినాను" అన్నాను.

మళ్ళీ పెట్టి చూడమంది. బస్సు టైమైపోయింది, రేపు చూద్దామని చెప్పి గంప ఎత్తుకున్నాను. బస్సుకి ఇంకా చాలా టైముంది.